తాతయ్య దూలం... రాజమండ్రి రంపం

రాజమండ్రి వెళ్ళొచ్చానంటే మా ఆఫీసులో అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. గోదావరి స్నానం చేశావా? కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగావా? పూతరేకులు తెచ్చావా? ఈసారి మూడింటికీ నా జవాబు ‘లేదు’ అనే. ఆ రోజంతా నేను ఒక సామిల్లులో ఉన్నాను. తల నిండా రంపపు పొట్టు, చేతిలో టార్చిలైటు. అయినా ఆ ఊళ్ళో నేను గడిపిన రోజుల్లో మర్చిపోలేనిది అదే.

పనేమిటో ముందు చెప్పాలి కదా!

మా నాన్న పుట్టింది కోనసీమలో ఒక మండువా లోగిట్లో. ముగ్గురన్నదమ్ములు. ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, ఇంట్లో ఉండేవాళ్ళు లేరు. వానలకి ఒక వసారా కూలిపోయాక పోయినేడు ఇల్లు విప్పేశారు. స్తంభాలు పెదనాన్న తీసుకున్నారు. పెంకులు, తలుపులు బాబాయి. “నాకు నడవలో టేకు దూలం ఒక్కటి చాల్రా” అన్నారు నాన్న. మాస్టారుగా రిటైరై, ఆ డబ్బుతో రాజమండ్రి శివార్లలో చిన్న ఇల్లు కట్టుకుంటున్నారాయన. ఆ దూలంతో సింహద్వారం గుమ్మం చేయించాలని ఆయన కోరిక.

మాఘమాసంలో ఆదివారం నాడు గుమ్మం ఎత్తడానికి ముహూర్తం కుదిరింది. వడ్రంగి మేస్త్రికి మూడు రోజులు కావాలి. అంటే బుధవారం సాయంత్రానికల్లా కోత అయిపోవాలి. నాన్నకి కంటిశుక్లం ఆపరేషన్ అయి పది రోజులే అయింది. దుమ్ములోకి వెళ్ళకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. దాంతో ఇంటినుంచి పనిచేస్తానని ఆఫీసులో చెప్పి, లాప్‌టాప్ పట్టుకుని నేను దిగాను.

దూలంతో ప్రయాణం

మంగళవారం రాత్రి ఊళ్ళో పడుకుని, తెల్లవారకముందే దూలాన్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కించాం. నలుగురు పట్టుకోవలసి వచ్చింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. రావులపాలెం దాటి జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి తూరుపు ఎర్రబడింది. కింద లంకల మీద మంచు పొరలు పొరలుగా ఉంది. కడియపులంక దగ్గర నర్సరీల వాళ్ళు అప్పటికే బంతి మొక్కలు లారీల్లోకి ఎక్కిస్తున్నారు. వేమగిరి మీదుగా ఊళ్ళోకి వచ్చేసరికి ఏడు.

రాజమండ్రికీ కలపకీ చుట్టరికం ఈనాటిది కాదు. రోడ్లు లేని రోజుల్లో భద్రాచలం, రంప అడవుల్లో కొట్టిన టేకు దుంగల్నీ వెదుళ్ళనీ తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలేవారు. పాపికొండల సందులోంచి ప్రవాహంతోపాటు దిగి వచ్చి అవి ఇక్కడ ఒడ్డుకి చేరేవి. కలప అమ్మే చోటుని ఈ ప్రాంతంలో ‘అడితి’ అంటారు. ఇప్పుడు తెప్పలు లేవు, కలప లారీల మీద వస్తోంది. అడితి అనే మాట మాత్రం అలాగే ఉంది.

మేం వెళ్ళిన మిల్లు ఒక అడితి వెనక రేకుల షెడ్డు. ముందు వేప దుంగలు, తుమ్మ మొద్దులు, పక్కన నిలబెట్టిన మద్ది పలకలు. షెడ్డు మధ్యలో మనిషికంటే ఎత్తుగా బ్యాండ్ సా. దాని ఏర్పాటు చాలా తేలిక. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, ఒక్కోటీ 36 అంగుళాలు. ఆ రెంటి చుట్టూ 20 అడుగుల ఉక్కు బ్లేడు పట్టీలా తిరుగుతుంది. మధ్యలో బల్ల. చెక్కని బల్ల మీద తోస్తూ ఉంటే, పైనుంచి కిందకి పరిగెత్తే పళ్ళు కోసుకుంటూ పోతాయి.

నడిపేది ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. గళ్ళ లుంగీ, చెవి మీద పెన్సిలు. అందరూ మేస్త్రి గారనే పిలుస్తున్నారు. దూలాన్ని ఒకసారి చేత్తో నిమిరి, గోరుతో గీకి, వాసన చూశారు.

“పాత టేకండి. ఇలాటిది ఇప్పుడు కొందామన్నా రాదు. ఏం చెయ్యాలి బాబూ?”

వడ్రంగి రాసిచ్చిన కాగితం ఇచ్చాను. దూలం 13 అడుగులు. గోడలో ఉన్న కొస ఒక అడుగు చెద తినేసింది, మిగిలింది 12. ఎత్తు 6 అంగుళాలు, మందం 7. మందాన్ని నిలువునా సగానికి చీలిస్తే రెండు బద్దలు వస్తాయి. ఒక్కో బద్దలో ఏడున్నర అడుగుల నిలువు కమ్మి ఒకటి, నాలుగడుగుల అడ్డ కమ్మి ఒకటి. రెండు బద్దలకీ కలిపి రెండు నిలువులు, ఒక పైకమ్మి, ఒక గడప. లెక్క సరిగ్గా సరిపోయింది.

మేస్త్రి గారు నవ్వారు. “మీ లెక్క బాగానే ఉందండి. ఇందులో బ్లేడు తినేది ఉంది. చిత్రికకి పోయేది ఉంది. అన్నీ పోను మూడంగుళాల కమ్మి తెగాలంటే, పన్నెండడుగుల పొడుగునా బ్లేడు పావంగుళం కూడా పక్కకి పోకూడదు. పోయిందా, ఒక కమ్మి పల్చబడిపోద్ది. ఇంకో దూలం ఉందా మీకు?”

లేదని తల ఊపాను.

“అయితే ఈ బ్లేడుతో కొయ్యను. మార్చి, సవరించి కోస్తాను. కూర్చోండి.”

ఫ్యూజు జేబులో

టైము ఎనిమిదిన్నర. పదకొండింటికి నాకు మీటింగుంది. “ఎంతసేపు పడుతుందండీ?” అన్నాను.

“కోతకి పది నిమిషాలండి. సవరించడానికి గంటన్నర.”

నాకు నిజంగానే చిరాకేసింది. తిరుగుతున్న బ్లేడే కదా, ఇప్పటిదాకా వేప చెక్కలు కోసింది కదా! అదే అడిగాను. ఆయన పొద్దున కోసిన ఒక పలక తెచ్చి నా కళ్ళముందు అడ్డంగా పట్టుకున్నారు. పైకి తిన్నగా కనిపించిన కోత మధ్యలో బొజ్జలా ఉబ్బి ఉంది. మొద్దుబారిన పళ్ళు కొయ్యలేక రుద్దుతాయి, రుద్దితే వేడెక్కుతాయి. వేడికి బ్లేడు అంచు సాగి బిగువు పోతుంది. అప్పుడు బ్లేడు చెక్కలో దానిష్టం వచ్చినట్టు నడుస్తుంది. వంట చెరుకైతే ఫరవాలేదు, గుమ్మానికి పనికిరాదు.

ముందు మెయిన్ దించేశారు. దించి ఊరుకోలేదు. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. నేను చూస్తున్నానని గమనించి ఎడమచెయ్యి ఎత్తి చూపించారు. చూపుడువేలు రెండు కణుపుల దగ్గర ఆగిపోయి ఉంది.

“వేరే మిల్లులో, చిన్నప్పుడు. నేను బ్లేడు మారుస్తున్నాను. కరెంటు పోయిందనుకుని అవతలాయన స్విచ్చి వేశాడు. అప్పట్నించీ నా చెయ్యి లోపలుంటే ఫ్యూజు నా జేబులోనే ఉంటదండి.”

ఆ తర్వాత నేను టైము చూసుకోవడం కొంచెం తగ్గించాను.

చేతిచక్రం తిప్పి బిగువు వదిలారు. పై చక్రం కిందకి దిగింది. కుర్రాడూ ఆయనా గోనెపట్టాలు పట్టుకుని బ్లేడుని మెల్లగా బయటికి తీశారు. తర్వాత చక్రాల అంచుల్ని ఒక చెక్కముక్కతో గీకారు. జిగురు కలిసిన పొట్టు అట్టలు అట్టలుగా ఊడింది. చక్రం మీద అది ఉంటే బ్లేడు దాని మీదకెక్కి దిగుతూ గంతులేస్తుందట.

సాన పట్టిన బ్లేడు గోడకి వేలాడుతోంది. దాని పళ్ళు దగ్గరగా చూశాను. ఒక పన్ను కుడికి, పక్కది ఎడమకి, సన్నగా ఒంచి ఉన్నాయి. కోత వెడల్పు బ్లేడు మందం కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే ఉక్కు చెక్కలో పట్టేస్తుంది. పన్నుకీ పన్నుకీ మధ్య గుంట పొట్టుని మోసుకుపోవడానికి. ఎక్కించే ముందు మేస్త్రి గారు అతుకు మీద బొటనవేలు రాసి చూశారు. ఆ అతుకులోనే ఈ యంత్రం కథంతా ఉంది. బ్యాండ్ సా ఆలోచనకి ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1808లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ తిరిగే బ్లేడుకి నిలబడే అతుకు వెయ్యడం ఎవరికీ చేతకాలేదు, ఊరికే తెగిపోయేవి. 1846లో క్రెపిన్ అనే ఫ్రెంచి మహిళ అతుకు పద్ధతి కనిపెట్టాక గానీ ఇది మిల్లుల్లోకి రాలేదు.

ఒక్కొక్కటే మార్చాలి

సవరింపు మొదలైంది. ముందు బిగువు. చేతిచక్రం తిప్పుతూ బ్లేడుని బొటనవేలితో పక్కకి నొక్కి చూస్తున్నారు. ఎంత కదులుతోందో వేలికి తెలుస్తుంది. మధ్యమధ్య గోటితో మీటి వింటున్నారు. వదులుగా ఉన్నప్పుడు బొంగురుగా పలికింది. బిగిసేకొద్దీ కంఠం తేటపడింది. వదులైతే బ్లేడు వంకర తిరుగుతుంది. మరీ బిగిస్తే పళ్ళ గుంటల్లో సన్న పగుళ్ళు పుట్టి ఒకరోజు తెగుతుంది.

తర్వాత నడక. పై చక్రాన్ని ముందుకీ వెనక్కీ వాల్చడానికి వెనకాల ఒక మర ఉంది. చక్రం ఏ కాస్త వాలినా తిరిగే బ్లేడు ముందుకో వెనక్కో జరుగుతుంది. మేస్త్రి గారు ఆ మరని పావు చుట్టు తిప్పుతారు. చక్రాన్ని చేత్తో పది చుట్లు తిప్పి చూస్తారు. మళ్ళీ పావు చుట్టు, మళ్ళీ పది చుట్లు. పళ్ళు చక్రం అంచుకి కొంచెం బయటే ఉండాలి. చక్రం మీదకెక్కితే ఒంచిన పళ్ళు నలిగిపోతాయి.

“బిగువు ముందు, నడక తర్వాత. బిగువు మారిస్తే నడక మళ్ళీ చూసుకోవాలి. రెండూ ఒకేసారి తిప్పకూడదండి. తిప్పితే ఏది ఎందుకు మారిందో మీకే తెలీదు” అన్నారు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. మా పనిలో ఏదైనా ఆగిపోతే రాత్రి పన్నెండింటికి నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తాం. ఎలాగో నడిస్తే చాలు, ఏది పనిచేసిందో ఎవరికీ అక్కర్లేదు. మళ్ళీ ఆగినప్పుడు మళ్ళీ అదే గుడ్డి తడుములాట.

చివర్న గైడ్లు. చెక్కలోకి వెళ్ళేటప్పుడు బ్లేడు పక్కలకి ఊగకుండా బల్లకి పైనా కిందా రెండువైపులా ఉండే దిమ్మెలివి. ఇప్పటిదాకా వాటిని దూరంగా జరిపి ఉంచారు. నడక కుదిరాక దగ్గరకి తెచ్చారు. ఎంత దగ్గర? కాగితం మందం. గోడ మీది తేదీల క్యాలెండరులోంచి మంగళవారం కాగితం చింపి, బ్లేడుకీ దిమ్మెకీ మధ్య పెట్టి మర బిగించి, కాగితం లాగారు. రాసుకుంటూ వచ్చింది. “ఇదీ లెక్క.” దిమ్మెలు పళ్ళకి తగలకూడదు, పళ్ళ గుంటల వెనకాలే ఉండాలి. బ్లేడు వీపు వెనక చిన్న బేరింగు ఉంది. ఖాళీగా తిరిగేటప్పుడు అది బ్లేడుని తాకకూడదు. చెక్క తోసినప్పుడే తాకి, వెనక్కి పోకుండా ఆపాలి.

మూలమట్టం బల్ల మీద నిలబెట్టి బ్లేడు నిటారుగా ఉందో లేదో చూశారు. అప్పుడు ఫ్యూజు జేబులోంచి బయటికొచ్చింది. ఒక పనికిరాని చెక్క కోసి, దాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని చూసి, “ఇప్పుడు తెండి మీ దూలం” అన్నారు.

ఉయ్యాల మేకులు

కోసే ముందు ఇంకో పని. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తాడుకి కట్టి దూలం పొడుగునా లాగారు. రెండు చోట్ల టక్కున అంటుకుంది. “లోపల విరిగినవి కూడా ఉంటాయండి. లోతుగా ఉంటే ఇది పట్టదు. ఇంట్లో పెద్దాళ్ళనడగండి, ఎక్కడెక్కడ ఏం వేలాడేదో.”

నాన్నకి ఫోన్ చేశాను. మా ఇద్దరి ఫోన్లు ఎప్పుడూ అర నిమిషం దాటవు. తిన్నావా, తిన్నాను, సరే ఉంటా. ఆ రోజు ఇరవై నిమిషాలు మాట్లాడారాయన.

“వీధివైపు కొస నుంచి రెండడుగుల్లో లాంతరు కొక్కెం. తర్వాత ఉట్టి. ఆ పక్కన మూడడుగుల ఎడంలో రెండు పెద్ద మేకులు ఉయ్యాలవి. మా ముగ్గురం అందులోనే ఊగాంరా. మా చెల్లి కూడా.”

నేను ఆగిపోయాను. నాన్నకి చెల్లెలుందని నాకు తెలీదు. ఏడాది నిండకుండానే జ్వరంతో పోయిందట. ఆ తర్వాత నానమ్మ ఆ మేకులకి మళ్ళీ ఉయ్యాల కట్టనివ్వలేదట. ఒక మేకుని తాతయ్యే సుత్తితో విరగ్గొట్టారు. “అది లోపలే ఉండిపోయి ఉంటుంది, జాగ్రత్తగా చూడమను” అని ఫోన్ పెట్టేశారు.

చెప్పిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాం. కుర్రాడు ఉలితో తవ్వాడు. అన్నీ దొరికాయి. విరిగిన ఉయ్యాల మేకు కూడా రెండంగుళాల లోతులో ఉంది. నేను మీటింగుకి రావడం లేదని మెసేజీ పెట్టేశాను.

దూలం మీద సుద్ద దారం కొట్టి, పై గైడుని చెక్కకి తగలీ తగలనంత కిందకి దించి, కోత మొదలుపెట్టారు. ఆయన తోస్తుంటే కుర్రాడు అవతల్నించి అందుకుంటున్నాడు. కోసిన చీలిక మూసుకుపోయి బ్లేడుని పట్టెయ్యకుండా వెనకాల చెక్క చీల దోపుతున్నాడు. నల్లటి దూలం లోపల్నించి తేనెరంగు బయటపడింది. టేకు వాసన షెడ్డంతా కమ్మేసింది.

ఆరడుగులు దాటాక శబ్దం మారింది. కిర్రుమని ఒక్క అరుపు. నాకు అర్థమయ్యేలోపే మేస్త్రి గారు స్విచ్చి కట్టేశారు. దూలాన్ని వెనక్కి లాగలేదు. బ్లేడు తిరుగుతుండగా వెనక్కి లాగితే చక్రాల మీద నుంచి జారిపోతుందట. చక్రాలు పూర్తిగా ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు చీల కొట్టి, చీలిక విప్పి బయటికి తీశారు.

లోపల ఒక మేకు. నాన్న చెప్పింది కాదు. నలుచదరంగా, కమ్మరి కొలిమిలో కొట్టింది. దాని తల ఏనాడో విరిగిపోయి, పైన చెక్క రంగులో కలిసిపోయింది. తాతయ్యకంటే ముందు ఆ దూలం ఇంకెక్కడైనా ఉండేదేమో!

బ్లేడులో ఏడెనిమిది పళ్ళు ఒకే వైపు మొద్దుబారాయి. “ఇంకా ఆరడుగులే కదండీ, మెల్లగా కానిచ్చేస్తే?” అన్నాడు కుర్రాడు. మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. ఒకవైపు పళ్ళు పోతే బ్లేడు పదునున్న వైపుకి లాగుతుంది. మిగిలిన ఆరడుగుల్లో పావంగుళం దాటి పోతుంది. ఆయన నావైపు చూశారు. “మీరేమంటారు బాబూ? మళ్ళీ గంటన్నర.”

“ఫ్యూజు నేను పట్టుకుంటానండీ” అన్నాను.

ఆయ్, అంటూ నవ్వారు. నిజంగానే ఫ్యూజు నా చేతిలో పెట్టారు. బిగువు, నడక, గైడ్లు, మూలమట్టం... అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఈసారి నేను టార్చి పట్టుకున్నాను. మీటి వినమంటే విన్నాను. క్యాలెండరులోంచి ఇంకో కాగితం చింపబోతే ఆపారు. “అది ఇవాళ్టిదండి. నిన్నటిదే వాడాలి.” మంగళవారం కాగితాన్నే నేల మీద వెతికి ఇచ్చాను.

మధ్యాహ్నం మూడున్నరకి రెండు బద్దలూ విడిపోయాయి. మేస్త్రి గారు రెండు కొసల్లో, మధ్యలో కొలిచారు. తేడా నూలు కంటే ఎక్కువ లేదు.

సాయంత్రం డబ్బులిచ్చి బయల్దేరుతుంటే ఆయన మళ్ళీ ఆ చేతిచక్రం తిప్పుతున్నారు. “మళ్ళీ మారుస్తున్నారా?” అన్నాను. “లేదండి, వదులు చేస్తున్నాను. రాత్రంతా బిగించి వదిలేస్తే బ్లేడు అలిసిపోద్ది. పొద్దున్నే మళ్ళీ బిగించుకుంటాం.” ఆ మాటని హైదరాబాదు తెచ్చుకున్నాను. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటితే లాప్‌టాప్ మూసేస్తున్నాను. రోజూ అని చెప్పను గానీ, చాలా రోజులు.

ఆదివారం గుమ్మం ఎత్తారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. కుడివైపు నిలువు కమ్మిలో, సరిగ్గా భుజమెత్తున, విరిగిన ఉయ్యాల మేకు తీసిన కంత కనిపిస్తోంది. “లప్పం పెట్టి మూసేస్తానండీ, రంగేస్తే తెలీదు” అన్నాడు వడ్రంగి.

నాన్న నల్లకళ్ళద్దాలు తీసి, దగ్గరగా వచ్చి, ఆ కంతలో వేలు పెట్టి చూశారు.

“వద్దు, ఉండనీ” అన్నారు.